దెబ్బ తిన్నవాడి మతం అడిగే చట్టం



ఈ ఉపన్యాసం వెనక ఉన్న ధర్మనిధి ఒక ప్లీడరు గారి జ్ఞాపకార్థం ఏర్పడింది. ఆయన తెనాలి కోర్టులో జీవితమంతా గడిపారు. ఆయన పేరు మీద జరిగే ఉపన్యాసానికి నిర్వాహకులు నాకు ‘రాజ్యాంగం - మతస్వేచ్ఛ’ అనే విషయం ఇచ్చారు. చాలా పెద్ద విషయం. దాన్ని నేను ఒక పోలీస్ స్టేషన్ పరిధికి కుదించుకుంటున్నాను. అది చందోలు పోలీస్ స్టేషన్. ఇక్కడ కూర్చున్నవాళ్లలో చాలామందికి ఆ ఊరు తెలుసు. బాపట్లకీ రేపల్లెకీ మధ్య తిరిగేవాళ్లు ఆ దారినే పోతారు.

ఆ స్టేషన్ పరిధిలో, పిట్టలవానిపాలెం మండలంలోని ఒక గ్రామంలో ఒక పాస్టరు గారు ఉన్నారు. పుట్టుకతో దళితుడు. పదేళ్లుగా అక్కడ ఆదివారం ఆరాధన జరిపిస్తున్నారు. ఊళ్లో కొందరు తనను అడ్డగించి కొట్టారని, కులం పేరుతో తిట్టారని 2021 జనవరిలో ఆయన ఫిర్యాదు చేశారు. పోలీసులు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు కట్టారు, చార్జిషీటు వేశారు, గుంటూరులో ప్రత్యేక కోర్టు కేసును తీసుకుంది. నిందితులు హైకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న జస్టిస్ ఎన్. హరినాథ్ గారు తీర్పు ఇచ్చారు. ఫిర్యాదుదారు క్రైస్తవ మతం స్వీకరించి పాస్టరుగా ఉన్నారు కాబట్టి ఆయన షెడ్యూల్డు కులస్థుడు కారు, కారు కాబట్టి ఈ చట్టం ఆయనకు వర్తించదు, తహసీల్దారు ఇచ్చిన కుల సర్టిఫికెట్ రద్దు కాకుండా ఉన్నంత మాత్రాన ఆ రక్షణ రాదు అని చెప్పి కేసు కొట్టేశారు.

ఒక్క సంగతి గమనించండి. ఆ రోజు ఏం జరిగింది, ఎవరు ఏ మాట అన్నారు, అసలు ఎవరైనా చెయ్యి చేసుకున్నారా లేదా అన్నది విచారణలో తేలలేదు. ఫిర్యాదు నిజమని నేను అనను, అబద్ధమనీ అనను, నిందితుల మీద నేరం రుజువు కాలేదు. నాకు కావలసింది ఆ తేలని భాగమే. ఏం జరిగిందని అడిగే దశ దాకా కేసు పోలేదు. దెబ్బ తిన్నానంటున్న మనిషి ఏ దేవుడికి మొక్కుతాడన్న ప్రశ్న దగ్గరే అది ముగిసింది.

నేను న్యాయమూర్తిని తప్పు పట్టడానికి రాలేదు. చట్టంలో ఉన్నదే ఆయన చదివారు. పై కోర్టులు ఏమన్నా, ఏమంటున్నా, చట్టం అలా రాసి ఉన్నంత కాలం దాన్ని మరో రకంగా చదవడం కష్టమే. 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం రెండో సెక్షన్‌లో షెడ్యూల్డు కులమంటే ఏమిటో సొంతంగా చెప్పలేదు. రాజ్యాంగంలో చూసుకోమంది. రాజ్యాంగంలో 366వ అధికరణం చూస్తే, అది 341వ అధికరణానికి పంపుతుంది. 341 రాష్ట్రపతి ఉత్తర్వుకు పంపుతుంది. 1950 ఆగస్టు 10న వచ్చిన ఆ ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందూ మతం కాక మరో మతాన్ని అవలంబించేవారెవరూ షెడ్యూల్డు కులస్థులుగా పరిగణన పొందరని ఆ పేరా అన్నది. 1956లో సిక్కులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులూ ముస్లిములూ బయటే ఉండిపోయారు. చందోలు స్టేషన్‌లో రాసిన ఎఫ్ఐఆర్ ఇన్ని మెట్లెక్కి ఆ మూడో పేరా దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు మన ప్రాంతంలోనే కాస్త తిరిగి చూద్దాం. తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలెక్కితే భట్టిప్రోలు వస్తుంది. అక్కడి స్తూపం క్రీస్తు పూర్వపు కాలానిది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వించినప్పుడు బయటపడ్డ ధాతుపేటికల మీది రాతలు దక్షిణాదిలో దొరికిన అతి పాత శాసనాల్లో చేరాయి. ఇవాళ ఒక మాదిగ యువకుడు ఆ స్తూపం ఎదుట బౌద్ధం స్వీకరించాడనుకోండి. అతను ఎస్సీగానే ఉంటాడు. అతన్ని కులం పేరుతో ఎవరైనా తిడితే అట్రాసిటీ కేసు నిలుస్తుంది. అతని తమ్ముడు అదే ఊళ్లో బాప్తిస్మం తీసుకుంటే నిలవదు.

ఇంకొంచెం ఆవల బాపట్ల పక్కన స్టూవర్టుపురం ఉంది. 1913 ప్రాంతంలో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ పెట్టి, సెటిల్‌మెంటు నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించింది. అది క్రైస్తవ సంస్థ. అక్కడి వాళ్లలో ఎంతోమంది క్రైస్తవులయ్యారు. ఎరుకలవాళ్లు షెడ్యూల్డు తెగ. తెగల విషయంలో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మతం ఊసే లేదు. కాబట్టి స్టూవర్టుపురంలో ఒక ఎరుకల పాస్టరు గారిని తెగ పేరుతో తిడితే కేసు ఉంటుంది. అదే జిల్లాలో పిట్టలవానిపాలెం దగ్గర ఒక దళిత పాస్టరు గారిని తిడితే ఉండదు. ఇద్దరి చేతిలోనూ అదే బైబిలు, ఇద్దరికీ తగిలే మాటా అలాంటిదే. ఒకే చట్టం పేరులో ఎస్సీ, ఎస్టీ అని పక్కపక్కన రాసుకుని, ఒకరికి మతం అడ్డు కాదని, ఇంకొకరికి అడ్డని ఎలా చెప్పగలం? దీనికి సమాధానం చెప్పినవాళ్లు నాకు ఇంతవరకు కనబడలేదు. తెగ అనేది జీవన విధానం, కులం అనేది హిందూ మత వ్యవస్థ, అందుకే తేడా అంటారు. పుస్తకంలో ఆ తేడా ఉంటే ఉండవచ్చు. తిట్టేవాడి నోట్లో ఆ తేడా లేదు.

ఒక ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారనుకుందాం. ఇది వట్టి ఊహ కాదు, మన పల్లెల్లో ఏ వీధిలోనైనా ఇలాంటి ఇళ్లు ఉన్నాయి. అన్న పోలేరమ్మకు మొక్కుతాడు, తమ్ముడు లూథరన్ గుడికి పోతాడు. ఒకే అరుగు మీద కూర్చుంటారు, కూలికి ఒకే పొలం పోతారు. మోతుబరి ఒకడు వచ్చి ఇద్దరినీ కలిపి ఒకే మాటతో తిట్టాడు. అన్న ఫిర్యాదు అట్రాసిటీ కేసు అవుతుంది. తమ్ముడిది కాదు. ఇంకా ముందుకు పోతే, ఈ చట్టం మూడో సెక్షన్ షెడ్యూల్డు కులానికి గానీ తెగకు గానీ చెందనివాడెవడైనా నేరం చేస్తే అని మొదలవుతుంది. తమ్ముడు చట్టం దృష్టిలో ఎస్సీ కాడు. రేపు అన్నదమ్ములు గట్టు తగాదాలో నోరు పారేసుకుంటే, అన్న తమ్ముడి మీదే అట్రాసిటీ కేసు పెట్టే వీలుంది! ఒక తల్లి కన్న ఇద్దరిలో ఒకణ్ణి బాధితుడిగానూ, మరొకణ్ణి పీడకుడిగానూ చూడగల చట్టాన్ని రాసినవాళ్లు ఆ పల్లె ముఖం చూసి రాయలేదు.

ఈ చట్టం ఎక్కడ పుట్టిందో ఈ సభలో పెద్దవాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు. చిన్నవాళ్ల కోసం చెబుతాను. కారంచేడు, చుండూరు రెండూ ఇవాళ బాపట్ల జిల్లాలోవే. కారంచేడులో 1985 జూలై 16న మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గొడవ జరిగింది. గేదెలకు కుడితి పెట్టిన బకెట్టు ఆ నీళ్ల దగ్గర కడుగుతుంటే ఇదేమిటని అడిగారు. నీళ్లకు వచ్చిన ఆడమనిషి తనను కొట్టబోతే బిందె ఎత్తింది. మర్నాడు ఊరి పెత్తందార్లు పల్లె మీద పడ్డారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. ఊరు విడిచి చీరాల చేరినవాళ్ల మధ్యే దళిత మహాసభ పుట్టింది. కత్తి పద్మారావు గారు, బొజ్జా తారకం గారు ఆ ఉద్యమానికి నాయకులు. 1989లో పార్లమెంటు చేసిన చట్టం వెనక కారంచేడు ఉంది.

ఆ పల్లెలో దాడికి గురైన కుటుంబాల్లో చాలా భాగం చర్చికి పోయేవే. చచ్చిపోయినవాళ్ల పేర్లు చూస్తే బైబిలు పేర్లు కనిపిస్తాయి. బిందె ఎత్తిన రోజున గానీ, గొడ్డళ్లతో తరిమిన రోజున గానీ, నువ్వు గుడికి పోతావా చర్చికి పోతావా అని ఎవరూ అడగలేదు.

చుండూరు సంగతి ఈ తెనాలి వాళ్లకు మరీ దగ్గరిది. 1991 జూలైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటు అబ్బాయికి తగిలింది. ఆ దళిత యువకుడు చదువుకున్నవాడు. దానిమీద మొదలైన గొడవ సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఆ ఎనిమిది మందిలోనూ బైబిలు పేర్లున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను ఊరి నడుమ పాతిపెట్టిన చోటును రక్తక్షేత్రం అంటారు. అత్యాచారాల చట్టం కింద నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టడం దేశంలో అదే మొదలు. అందుకోసం కూడా చుండూరు పల్లె ఏళ్ల తరబడి పోరాడవలసి వచ్చింది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. దానిమీద సుప్రీంకోర్టుకు పోయారు.

వీటిని ఎందుకు చెబుతున్నానంటే, ఏ చట్టం చరిత్రలో ఈ రెండు ఊళ్ల రక్తం ఉందో, ఆ చట్టాన్ని ఇవాళ అక్షరం తప్పకుండా చదివితే, ఆ రోజు పడిపోయినవాళ్లలో కొందరిని గడప దగ్గరే ఆపవలసి వస్తుంది.

అవతలివైపు వాదన ఒకటి ఉంది. బలమైనదే. క్రైస్తవంలో కులం లేదు కదా. కులం నుంచి బయటపడాలనే కదా మతం మారారు. పోయినవాళ్లు పోయారు, మళ్లీ కులం పేరుతో రక్షణ ఎందుకు? రెండు చేతులా కావాలంటే ఎలా? 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వం సుప్రీంకోర్టులో వేసిన అఫిడవిట్‌లోనూ సారాంశం ఇదే, అస్పృశ్యత హిందూ సమాజానికి చెందిన రుగ్మత, ఆ మతాల్లో అది లేదు అని.

దీనికి రెండు సమాధానాలు. ఒకటి, ఆ మతాల్లో కులం లేదన్న మాట మన జిల్లాలో ఎవరు నమ్ముతారు? 1842లో ఫాదర్ హేయర్ గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టారు. తర్వాత బాప్టిస్టులు వచ్చారు, సాల్వేషన్ ఆర్మీ వచ్చింది, కథోలికులు అప్పటికే ఉన్నారు. ఎక్కడికక్కడ పల్లె గుడి వేరు, ఊరి గుడి వేరు. రెడ్డి కథోలికులున్నారు, కమ్మ క్రైస్తవులున్నారు, మాల గుడీ మాదిగ గుడీ విడివిడిగా ఉన్న ఊళ్లున్నాయి. ఆదివారం ఒకే పాట పాడి, సోమవారం పెళ్లి సంబంధానికి కులం అడుగుతారు. సమాధుల దగ్గరా అడుగుతారు. జాతీయ మైనారిటీల కమిషన్ కోసం 2008లో సతీశ్ దేశ్‌పాండే, గీతికా బాప్నా చేసిన అధ్యయనం దేశమంతా ఇదే చెప్పింది. క్రైస్తవ సంఘాల పెద్దలు దీన్ని బాహాటంగా ఒప్పుకోకుండా, ఢిల్లీలో మాత్రం మాకూ కులబాధ ఉందంటే ఎవరూ వినరు. ఈ సభలో ఆ పెద్దలు ఎవరైనా ఉంటే నా మాట కటువుగా తోచినా అనుకోకండి. మీ ఇంట్లోని కులాన్ని మీరు ఊడ్చనంత కాలం మీ వాదన సగం బలంతోనే నిలబడుతుంది.

రెండో సమాధానం ముఖ్యమైనది. కులాన్ని వదులుకోవడం వదిలేవాడి చేతిలో లేదు. అది ఊరి చేతిలో ఉంది. మతం మారినవాడు తన దేవుణ్ణి మార్చుకోగలడు, తన పేరు మార్చుకోగలడు, తన ఎదటివాడి కళ్లు మార్చలేడు. గుర్రం జాషువా గారిని తలచుకోండి. క్రైస్తవుడు. మహాకవి. క్రైస్తవుడివి కదా, నీకు కులం లేదులే అని ఈ గుంటూరు సీమ ఆయన్ను వదిలిపెట్టిందా? ‘గబ్బిలం’ రాసిన మనిషి ఏ అవమానాలు తిని రాశాడో మనందరికీ తెలుసు.

ఇదే గుంటూరు నుంచి పోయిన ఒక పాత కేసు ఉంది. 1976లో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పిన గుంటూరు వైద్య కళాశాల ప్రిన్సిపాల్ కేసు. ఒక విద్యార్థి తల్లిదండ్రులు మాదిగ కులం నుంచి క్రైస్తవంలోకి పోయినవాళ్లు. అతను క్రైస్తవుడిగా పుట్టి, తర్వాత హిందూ మతంలోకి వచ్చి, ఎస్సీ సీటు అడిగాడు. కోర్టు ఏమన్నదంటే, అతన్ని ఆ కులంవాళ్లు తమలో కలుపుకుంటే అతను ఆ కులస్థుడే. అంటే తిరిగి రావడానికి మనుషుల ఒప్పుదల చూశారు. న్యాయమైన పరీక్షే. అదే పరీక్షను పోయేటప్పుడు ఎందుకు పెట్టరు? తిరిగొచ్చినవాణ్ణి కులం ఒప్పుకుందా అని అడిగిన చట్టం, వెళ్లిపోయినవాణ్ణి ఊరు నిజంగా వదిలిపెట్టిందా అని అడగాలి కదా. అంతకు ముందు ఏడాదే, 1975లో, కోలారు గనుల ప్రాంతం నుంచి వచ్చిన అరుముగం కేసులో ఇదే కోర్టు, మతం మారితే కులం పోయి తీరుతుందన్నది అన్నిచోట్లా నిజం కాదని ఒప్పుకుంది. అయితే మూడో పేరా ముందు ఆ మాటకు బలం లేకపోయింది. 1985లో సూసై కేసులో, మతం మారిన తర్వాత కూడా అంతే తీవ్రంగా ఆ బాధ కొనసాగుతోందని రుజువు చేయమన్నారు. రుజువు ఎక్కడ అని అడిగిన ఏడాదే కారంచేడు జరిగింది.

ఇప్పుడు మతస్వేచ్ఛ దగ్గరికి వద్దాం. 25వ అధికరణం ప్రతి మనిషికీ తనకు నచ్చిన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇచ్చింది. ఆ హక్కు మీద మన పల్లెల్లో ఎంత ఖర్చు పడుతోందో చూడాలంటే కుల సర్టిఫికెట్ చూడండి. మీసేవలో దరఖాస్తు ఇస్తారు. వీఆర్వో వచ్చి విచారిస్తాడు. ఇంట్లో గోడ మీద ఏసుప్రభువు పటం ఉంటే దాన్ని తీసి మంచం కింద పెడతారు. పిల్లవాడికి ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడి రిజిస్టరులో పేరు ఒకటి. కాగితం మీద ‘హిందూ మాదిగ’ అనో ‘హిందూ మాల’ అనో వస్తుంది. ఆ కాగితం ట్రంకు పెట్టెలో బైబిలు కింద ఉంటుంది. వీళ్లు మోసగాళ్లా? చట్టం మోసమనే అంటుంది. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగానికే మోసమన్నది. నేను మాత్రం దీన్ని భయం అంటాను. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు దాదాపు 1.3 శాతమే. గుంటూరు, బాపట్ల పల్లెల్లో ఆదివారం పొద్దున తిరిగినవాళ్లెవరూ ఆ అంకెను నమ్మరు. ఒక మనిషి తన దేవుడి పేరు ప్రభుత్వానికి చెప్పలేకపోతే, ఆ దేశంలో మతస్వేచ్ఛ ఉందని పూర్తిగా అనగలమా? చందోలు కేసులో పాస్టరు గారు దాచలేదు. పాస్టరుగా అందరి ముందూ నిలబడ్డారు. దాచినవాడికి రక్షణ, దాచనివాడికి శిక్ష. చట్టం ఇలా నడిస్తే ప్రజలకు ఏ పాఠం నేర్పుతున్నట్టు?

రాజకీయాల సంగతికి వస్తే, ఈ ప్రశ్న పార్టీల చేతుల్లో నలభై ఏళ్లుగా నలుగుతోంది. మన రాష్ట్రంలో మతం మారిన ఎస్సీలు బీసీ-సీ జాబితాలో ఉన్నారు, వాటా ఒక శాతం. 1977లో రాష్ట్ర ప్రభుత్వం కొన్ని రాయితీలు ఇచ్చింది, అవి చట్టబద్ధమైన హక్కులు కావు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాను మతం నుంచి విడదీయమని సిఫార్సు చేసింది. 2009లో ఒకసారి, 2023 మార్చి 24న మరోసారి మన శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చమని తీర్మానించి కేంద్రానికి పంపింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ గారి అధ్యక్షతన ఇంకో కమిషన్ వేసింది. తీర్మానాలు వచ్చిపోతాయి, కమిషన్లు గడువు పొడిగించుకుంటాయి.

ఈ చర్చలో ఒక వర్గం గోడు ఎవరూ సరిగా వినడం లేదు. హిందువులుగా మిగిలిన ఎస్సీలది. వాళ్ల భయం నిజమైనది. క్రైస్తవ పల్లెల్లో మిషన్ బడులు ముందు వచ్చాయి, చదువులు ముందు వచ్చాయి. మతం మారినవాళ్లను కలిపితే ఉన్న సీట్లూ ఉద్యోగాలూ వాళ్లకే పోతాయని ఒక చిన్న ఉపకులం మనిషి అనుకుంటే అతనిది అసూయ అని కొట్టెయ్యలేం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీల వర్గీకరణకు ఒప్పుకున్నాక కూడా ఎస్సీల మధ్య వాటాల తగవు తీరలేదు. ఇందులోకి ఇంకో పెద్ద సమూహాన్ని తేవాలంటే లెక్కలు కావాలి, వాటా పెంచాలి, జాగ్రత్త కావాలి. కాబట్టి రిజర్వేషన్ ప్రశ్న మీద నేను ఈ సాయంత్రం తీర్పు చెప్పను. కమిషన్ చెప్పనీ, పార్లమెంటు తేల్చనీ.

నేను చెప్పదలచింది వేరు. రిజర్వేషన్ అనేది పంపకం. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గుతుంది. అత్యాచారాల చట్టం పంపకం కాదు. పాస్టరు గారికి కులదూషణ నుంచి రక్షణ ఇస్తే, పక్క వీధి హిందూ మాదిగ సోదరుడికి ఏం తగ్గింది? సీటు పోయిందా, ఉద్యోగం పోయిందా? ఊళ్లో పెత్తందారు ఒక మాట అనే ముందు ఇంకోసారి ఆలోచిస్తాడు, అంతే. ఈ రెండు ప్రశ్నలనూ ఒకే గాట కట్టడమే ఇన్నేళ్లుగా జరుగుతున్న అన్యాయం. రిజర్వేషన్ తగవు తేలేదాకా అవమానం కూడా భరించమని చెబుతున్నారు.

విడదీయడం కష్టమా? కాదు. 17వ అధికరణం చూడండి. అస్పృశ్యత ఏ రూపంలోనూ పాటించకూడదని అన్నది గానీ బాధితుడి మతం ఏదని అనలేదు. ఆ నేరానికి శిక్ష రాసే అధికారాన్ని 35వ అధికరణం పార్లమెంటుకే ఇచ్చింది. 1955లో ఆ అధికారంతోనే అస్పృశ్యతా నేరాల చట్టం చేశారు. దాన్నే 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమన్నారు. అందులో బాధితుడు షెడ్యూల్డు కులస్థుడే కావాలన్న షరతు లేదు. అయితే శిక్ష నెల నుంచి ఆరు నెలలు, జరిమానా వందల్లో. ఏ స్టేషన్‌లోనూ దాని ఊసే వినబడదు. ఇక అత్యాచారాల చట్టాన్నే తీసుకుంటే, 2015 సవరణలో పార్లమెంటు ఒక మంచి పని చేసింది. అంతకు ముందు మూడో సెక్షన్‌లో ఒక ముఖ్యమైన చోట, బాధితుడు ఎస్సీ అయిన కారణంగా నేరం చేశాడని రుజువు చేయవలసి ఉండేది. దాన్ని ఎస్సీ అని తెలిసి చేశాడంటే చాలునని మార్చారు. నిందితుడికి బాధితుడి కుటుంబం పరిచయమైతే, కాదని రుజువు కానంత వరకు, కులం తెలిసే ఉంటుందని కోర్టు అనుకోవాలని కూడా చేర్చారు. అంటే చట్టం చూపు నేరం చేసినవాడి మనసు వైపు తిరిగింది. ఆ దారిలోనే ఇంకొక్క అడుగు వేయాలి. ఈ చట్టం వరకు, ఈ చట్టం కోసమే, షెడ్యూల్డు కులంలో పుట్టి లేదా అలాంటి తల్లిదండ్రులకు పుట్టి ఏ మతం అవలంబించినా బాధితుడిగానే చూడాలని రెండో సెక్షన్‌లో ఒక్క వాక్యం చేర్చాలి. రాష్ట్రపతి ఉత్తర్వు ముట్టుకోనక్కర్లేదు. రిజర్వేషన్లో రవ్వంత మారదు.

దుర్వినియోగం అవుతుందంటారు. ఏ చట్టానికి ఆ మాట లేదు? అబద్ధపు కేసును విచారణలో కొట్టేయాలి. కొట్టేసే ముందు ఏం జరిగిందని వినాలి. మతమార్పిడులు పెరుగుతాయంటారు. దెబ్బ తిన్నాక కేసు పెట్టుకునే వీలుందని దేవుణ్ణి మార్చుకునే మనిషి భూమ్మీద ఉంటాడా?

మన పిల్లలు పోయి స్థిరపడ్డ అమెరికాలో ఈ చర్చ ఎలా సాగిందో కూడా చెప్పాలి. తెనాలి, రేపల్లె, బాపట్ల ఇళ్లలో ఎన్నింటి నుంచో మనుషులు అక్కడ ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది, ఆ దేశంలో అలా చేసిన మొదటి నగరం. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అదే పని కోసం ఎస్‌బీ 403 బిల్లు ఆమోదించింది. అక్టోబరు 7న గవర్నర్ గావిన్ న్యూసమ్ వీటో చేశారు. ఉన్న చట్టాల్లోనే ఆ రక్షణ ఉందన్నది ఆయన కారణం. బిల్లును వ్యతిరేకించిన హిందూ సంఘాలు, కులాన్ని హిందూ మతానికి అంటగట్టి తమను వేలెత్తి చూపుతున్నారని, అది తమ మతస్వేచ్ఛకు దెబ్బ అని వాదించాయి. ఆ బాధలో నిజం లేదని నేను అనను. పరాయి దేశంలో పిల్లవాణ్ణి బడిలో నీ కులమేమిటని తోటివాళ్లు అడిగితే ఆ తల్లిదండ్రులకు కష్టంగానే ఉంటుంది. అయితే అక్కడ కులానికీ హిందూ మతానికీ ముడిపెట్టకండి అని వాదించే మనవాళ్లు, ఇక్కడి మూడో పేరా దగ్గర ఏమంటారు? కులం హిందూ మతంలోనే ఉంది, ఆ మతం విడిస్తే కులం పోయిందని రాసింది మన ఉత్తర్వే కదా. కాలిఫోర్నియాలో ఒక మాట, బాపట్లలో ఒక మాట చెల్లదు. ఆ బిల్లులో నాకు నచ్చింది ఒకటుంది. కులాన్ని ఎదటివాడు నీకు అంటగట్టే స్థానంగా కూడా చూసింది. బాధితుడు ఎవరికి మొక్కుతాడని అందులో ప్రశ్నే లేదు.

ఈ తెనాలి ఊరికి ఈ విషయంలో ఒక వారసత్వం ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి గారి సూతాశ్రమం ఈ ఊళ్లోనే ఉంది. ఆవుల గోపాలకృష్ణమూర్తి గారు ఈ కోర్టులోనే ప్లీడరు. మతాన్ని నిలదీసినవాళ్లు, మనిషిని ముందు పెట్టినవాళ్లు. వాళ్లలాగా మతమే వద్దనేవాళ్లు ఈ సభలో ఉన్నారు, భక్తులూ ఉన్నారు, పాస్టర్లూ ఉన్నారు. మతం విషయంలో మనమంతా ఒకటి కానక్కర్లేదు. చందోలు కేసులో అడగవలసిన మొదటి ప్రశ్న ఏం జరిగింది అన్నదే కావాలని మాత్రం అందరం ఒప్పుకోగలం.

పిట్టలవానిపాలెం, చుండూరు, కారంచేడు మూడూ బాపట్ల లోక్‌సభ నియోజకవర్గంలోవే. 2009 నుంచి అది ఎస్సీ రిజర్వుడు స్థానం. ఈ సవరణను పార్లమెంటులో అడగవలసిన మొదటి గొంతు ఆ స్థానం నుంచే రావాలి. ప్రభుత్వం బిల్లు తేకపోతే సభ్యుడే ప్రైవేటు బిల్లు పెట్టవచ్చు. ఈ సభలో బాపట్ల, రేపల్లె, వేమూరు ఓటర్లు చాలామంది ఉన్నారు. మీలో ప్రతి ఒక్కరూ మీ ఎంపీ గారికి ఒక ఉత్తరం రాయండి. రిజర్వేషన్ గురించి మీ అభిప్రాయం ఏదైనా సరే, దాన్ని ఆ ఉత్తరంలో రాయవద్దు. అత్యాచారాల నిరోధక చట్టం రెండో సెక్షన్‌ను సవరించమని, బాధితుడి మతం అడగవద్దని ఒక్కటే అడగండి.